కిడ్నీ చెడితే కార్డుంది... బీపీ గోలీకి ఏముంది?

గట్టు వైపు నుంచి వచ్చిన ఆ రైతు వయసు నలభై రెండు. విత్తన పత్తి వేస్తాడు. నెల రోజులుగా కాళ్ల వాపు, అన్నం సయించడం లేదు, రాత్రి పడుకుంటే ఆయాసం. బీపీ చూస్తే 210/120. క్రియాటినిన్ 11. స్కానింగ్‌లో రెండు కిడ్నీలూ కుంచించుకుపోయి కనిపించాయి. కిడ్నీలు అలా కావాలంటే ఏళ్లు పడుతుంది. నెల రోజుల జబ్బు కాదది.

"బీపీ ఉందని ఎప్పుడైనా ఎవరైనా చెప్పారా?" అని అడిగాను.

"చెప్పిన్రు సార్. ఐదేండ్ల కింద ఊర్ల క్యాంపు పెట్టి సూసిన్రు. గోలీలిచ్చిన్రు, నెల వాడిన. అయిపోయినయ్. పానం మంచిగనే ఉండె, ఇడిసిపెట్టిన."

పక్కన నిలబడ్డ భార్య సంచిలోంచి ప్లాస్టిక్ కవర్ తీసి, అందులోని ఆహార భద్రత కార్డును జాగ్రత్తగా నా టేబుల్ మీద పెట్టింది. "కార్డుంది సార్. అన్నీ ఫ్రీనే గద?"

అవును, ఇప్పుడు అన్నీ ఫ్రీనే. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల చొప్పున డయాలసిస్ చేస్తారు. ఆ ఖర్చు సర్కారే పెట్టుకుంటుంది. బస్సు పాసు ఇస్తుంది. 2022 నుంచి డయాలసిస్ రోగులకు ఆసరా పింఛను కూడా ఉంది. కిడ్నీలు పోయాక అతని కోసం ఇన్ని ఏర్పాట్లున్నాయి. కిడ్నీలు బాగున్నప్పుడు అతనికి కావాల్సింది రోజుకో బీపీ గోలీ. జన ఔషధి దుకాణంలో అయితే అది రూపాయి లోపే దొరుకుతుంది. ఐదేళ్లలో ఆ గోలీ అతని ఇంటికి చేరలేదు.

ఈ వారం మీతో మాట్లాడాలనుకున్నది ఆ గోలీ గురించే. మంచి ఇన్సూరెన్స్ లేనివాళ్లకు మంచి వైద్యం అందదు అనగానే మన మనసులో మెదిలేది కార్పొరేట్ ఆసుపత్రి, పెద్ద ఆపరేషన్, లక్షల బిల్లు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో పదిహేనేళ్లుగా జనరల్ మెడిసిన్ డాక్టరుగా పనిచేస్తున్న నాకు కనిపించే తేడా అంతకంటే చాలా ముందే, ఓపీ గది గుమ్మం దగ్గరే మొదలవుతోంది.

మన జిల్లాలోనే పుట్టిన పథకం

ఆరోగ్యశ్రీ మొదలైంది 2007 ఏప్రిల్ 1న. రాష్ట్రమంతా కాదు, మొదట మూడే జిల్లాల్లో: శ్రీకాకుళం, అనంతపురం, మన మహబూబ్‌నగర్. ఇప్పటి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అప్పుడు అందులోనివే. 2016 అక్టోబరులో విడిపోయి కొత్త జిల్లాలయ్యాయి. అంటే పేదవాడి పెద్ద ఆపరేషన్‌కు సర్కారు డబ్బు కట్టే పద్ధతిని దేశంలో అందరికంటే ముందు చూసినవాళ్లలో మనమూ ఉన్నాం.

ఆ పథకం విలువ తక్కువ చేసి మాట్లాడను. అంతకుముందు గుండెకు రంధ్రం ఉన్న పిల్లను భుజానేసుకుని తిరిగే తండ్రులను నేను చూశాను. ఎకరం అమ్మినా ఆపరేషన్‌కు సరిపోయేది కాదు. కొందరు అమ్మడానికి ఎకరం కూడా లేక ఇంటికి తీసుకెళ్లిపోయేవారు. ఆ తర్వాత అలాంటి పిల్లలు ఆపరేషన్ చేయించుకుని బడికి పోవడం కూడా చూశాను. మొదట్లో రెండు లక్షల దాకా ఉన్న పరిమితి తర్వాత ఐదు లక్షలైంది. 2023 డిసెంబరు 9 నుంచి పది లక్షలైంది. జాబితాలో ఇప్పుడు 1,800కు పైగా చికిత్సలున్నాయి.

మరి లోటెక్కడుంది? పథకం కట్టుకున్న తీరులోనే ఉంది. ఇది ఆసుపత్రిలో చేరినవాళ్ల కోసం చేసిన పథకం. ఒక్కో చికిత్సకు ఒక ప్యాకేజీ, ఒక రేటు. ఆసుపత్రి ముందుగా అనుమతి అడుగుతుంది, చికిత్స చేస్తుంది, డబ్బు తీసుకుంటుంది. డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులిస్తారు. స్టెంట్ వేయించుకోవడం లాంటి కొన్నింటికి ఆ తర్వాత కూడా మందులు, పరీక్షల ప్యాకేజీలున్నాయి. కానీ ఏ ఆపరేషనూ లేకుండా, ఏ మంచమూ ఎక్కకుండా, ఇరవై ఏళ్లు రోజూ ఒక గోలీ వేసుకోవాల్సిన మనిషికి ఇందులో ప్యాకేజీ లేదు. నా ఓపీకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అలాంటివాళ్లే. బీపీ, షుగరు, థైరాయిడ్, ఆయాసం, ఫిట్స్. పది లక్షల పరిమితిలో ఒక్క రూపాయి కూడా వాళ్లకు అక్కరకు రాదు, వాళ్ల జబ్బు ముదిరేదాకా.

జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22లో దేశంలో వైద్యం మీద అయిన మొత్తం ఖర్చులో 39.4 శాతం జనం తమ జేబులోంచి పెట్టుకున్నదే. అందులో పెద్ద వాటా మందులది. మెడికల్ షాపు ముందు కాసేపు నిలబడి చూడండి. చీటీలో నెలకు రాసి ఉంటుంది. "నాలుగు గోలీలియ్యి" అంటారు. నాలుగు రోజులకు సరిపడా కొనుక్కుని, మిగతా ఇరవై ఆరు రోజులు దేవుడికి వదిలేస్తారు.

"సర్కారు దవాఖానలో బీపీ, షుగరు మందులు ఉచితమే కదా" అని మీరు అడగొచ్చు. ఉచితమే. అధిక రక్తపోటును అదుపు చేసే జాతీయ కార్యక్రమాన్ని 2017లో మొదట ఐదు రాష్ట్రాల్లో ప్రారంభించినప్పుడు వాటిలో తెలంగాణ ఒకటి. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగరు చూసి, మందులు ఊళ్లోని ఉపకేంద్రంలోనే ఇవ్వాలి. ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు ఎండనక వాననక తిరుగుతున్నారు కూడా. కానీ పైనుంచి స్టాకు రావడం ఒక నెల ఆలస్యమైతే ఆ నెల గోలీ ఆగుతుంది. గోలీ ఆగితే రోగికి ఏమీ అనిపించదు. బీపీతో వచ్చే చిక్కే అది. నొప్పి ఉండదు కాబట్టి మళ్లీ అడగడు. అడగడు కాబట్టి మన లెక్కల్లో అతను బాగున్నట్టే.

ఆపరేషన్ చేస్తే ఒక ఆసుపత్రికి డబ్బొస్తుంది. ఒక మనిషికి ఇరవై ఏళ్లు కిడ్నీ చెడకుండా చూస్తే ఎవరికీ ఏమీ రాదు.

నొప్పి సూది లెక్క

ఇంకో మాట కూడా చెప్పాలి. నడిగడ్డలో పత్తి క్రాసింగ్ కాలం మీకు తెలుసు. ఆడవాళ్లు రోజంతా నిలబడి, వంగి, ఒక్కో పువ్వునూ చేత్తో పట్టి చేసే పని అది. నడుం పోతుంది, మోకాళ్లు పోతాయి. ఓపీకి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, ఆటో ఖర్చు వేరే. ఊళ్లో ఆర్‌ఎంపీ అయితే ఇంటికే వస్తాడు, డబ్బులు తర్వాత ఇచ్చినా ఏమీ అనడు. ఒక సూది వేస్తాడు, పొద్దున్నే పనికి పోతారు.

ఆర్‌ఎంపీని తిట్టడం మా డాక్టర్లకు సులువు. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది ఆయనే, నేను కాదు. కానీ ఆ నొప్పి సూదులు, నొప్పి గోలీలు నెలల తరబడి పడితే కిడ్నీల మీద దెబ్బ పడుతుంది. బీపీ, షుగరు ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ. మా దగ్గరికి డయాలసిస్‌కు వచ్చేవాళ్లను కూర్చోబెట్టి పాత సంగతులు అడిగితే, చాలామంది కథలో ఈ సూది ఎక్కడో ఒకచోట తగులుతుంది. మంచి ఇన్సూరెన్స్ ఉన్న మనిషికి నడుం నొప్పి వస్తే ఫిజియోథెరపీకి పోతాడు, రెండు రోజులు సెలవు పెడతాడు. కూలి మనిషికి సెలవంటే పస్తే. ఒకే నొప్పి, పదేళ్ల తర్వాత రెండు వేర్వేరు జబ్బులు.

కార్డు ఈ పక్క, ఆసుపత్రి ఆ పక్క

హైదరాబాద్‌లో కూర్చుని మ్యాపు చూసేవాళ్లకు ఒక సంగతి తట్టదు. గద్వాల, అలంపూర్ వాళ్లకు అలవాటైన పట్నం హైదరాబాద్ కాదు, కర్నూలు. గద్వాల నుంచి కర్నూలు అరవై కిలోమీటర్లు. అలంపూర్ నుంచి ముప్పై కూడా ఉండదు. కొందరికి రాయచూరు దగ్గర. హైదరాబాద్ అంటే నూట ఎనభైకి పైమాటే. తాతల కాలం నుంచి కాన్పులకూ, కాళ్లు విరిగినా, గుండె నొప్పికీ కర్నూలుకే పోయారు.

2014 తర్వాత తుంగభద్ర ఒక రాష్ట్ర సరిహద్దైంది. అటు పథకం వేరు, ట్రస్టు వేరు, కార్డు వేరు. జబ్బు చేసిన మనిషిని దగ్గరి ఊరికి తీసుకుపోతే డబ్బు కట్టాలి. డబ్బు కట్టొద్దనుకుంటే దూరం పోవాలి. ప్రైవేటు పాలసీ ఉన్నవాడికి ఈ నది అడ్డం రాదు. అతని కార్డు కర్నూలులోనూ చెల్లుతుంది, బెంగళూరులోనూ చెల్లుతుంది. 2021 మేలో కొవిడ్ రెండో దశ ఉధృతంగా ఉన్నప్పుడు ఇది అటువైపు వాళ్లకూ అనుభవమైంది. ఆంధ్ర నుంచి హైదరాబాద్ పోయే అంబులెన్సులను మన పుల్లూరు టోల్‌గేటు దగ్గర ఆపేశారు. చివరికి హైకోర్టు కల్పించుకోవాల్సి వచ్చింది.

అందుకే ఈ ప్రాంతం వాళ్లకు ఒక మాట ప్రత్యేకంగా చెబుతాను. ఛాతీ నొప్పి వస్తే ముందు ఏ పట్నం అని ఆలోచించకండి. దగ్గర్లోని సర్కారు దవాఖానకు పోండి. ఈసీజీ తీయించండి. గుండెపోటు అని తేలితే రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఎంత త్వరగా పడితే గుండె కండరం అంత మిగులుతుంది. మూడు గంటలు కారులో పోయి పెద్ద ఆసుపత్రిలో దిగేసరికి ఆ అవకాశంలో సగం రోడ్డు మీదే పోతుంది. ఇంజెక్షన్ వేయించుకుని ఆ తర్వాత పట్నం పోవచ్చు. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా మాత్రం సీటీ స్కాన్ ఉన్నచోటికే నేరుగా పోవాలి. అక్కడ గడువు నాలుగున్నర గంటలే. 108కు ఫోన్ చేసినప్పుడే లక్షణం సరిగ్గా చెప్పండి.

నల్లమల లోపలి చెంచు పెంటల సంగతి ఇంకో రకం. అక్కడివాళ్లకు సరిహద్దు లెక్క కాదు, రోడ్డే లెక్క. అప్పాపూర్ వైపు పెంట నుంచి మన్ననూరు దాకా రావడమే ఒక ప్రయాణం. అచ్చంపేట, నాగర్‌కర్నూల్ ఆ తర్వాతి మాట. ఆ అడవిలో పది లక్షల కార్డు ఉన్నా లేకున్నా ఒకటే.

కార్డు ఉండి, ఆసుపత్రీ దగ్గర్లోనే ఉన్నా ఒక్కోసారి తలుపు మూసి ఉంటుంది. 2025 జనవరిలోనూ, మళ్లీ సెప్టెంబరులోనూ బకాయిలు రాలేదని ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేస్తామని దిగాయి. తప్పెవరిదన్న వాదన వాళ్లూ వాళ్లూ తేల్చుకుంటారు. ఆ రోజుల్లో వాయిదా పడ్డ ఆపరేషన్ల రోగులు మా వార్డుల్లోకే వచ్చారు. నగదు కట్టేవాళ్ల ఆపరేషన్లు మాత్రం ఎక్కడా ఆగలేదు.

అటూ ఇటూ కాని వాళ్లు

అందరికంటే నాకు ఎక్కువ బాధ అనిపించేది మధ్యలో ఉన్నవాళ్లను చూసినప్పుడు. ప్రైవేటు బడి పంతులు, బట్టల షాపులో గుమస్తా, చిన్న కిరాణా కొట్టు, సొంత ఆటో. రేషన్ కార్డు ఉండదు, లేదంటే పెళ్లయ్యాక విడిగా పేరెక్కలేదు. కొత్త కార్డులు ఏళ్ల తరబడి రాక, 2025లో గానీ కదలలేదు. కంపెనీ ఇన్సూరెన్స్ ఉండదు. పుణె, ముంబయికి పనికి పోయే పాలమూరు మేస్త్రీలకు కార్డు ఇంట్లో ఉంటుంది, జబ్బు అక్కడ వస్తుంది.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పేస్తాను. సర్కారు ఉద్యోగిగా నాకు హెల్త్ కార్డుంది. అయినా ఏటా సొంత డబ్బుతో మా ఇంట్లో నలుగురికీ ప్రైవేటు పాలసీ కడుతున్నాను. సర్కారు దవాఖానలో పనిచేస్తూ ఇది రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. కానీ ఎక్కడ ఏ తలుపు ఎప్పుడు మూసి ఉంటుందో లోపల ఉన్నవాణ్ని కాబట్టి నాకు తెలుసు. ఆ తెలివితో నా ఇంటిని కాపాడుకున్నాను. నా రోగికి ఆ వీలు లేదు.

పాలసీ కొనే స్థోమత ఉన్నవాళ్లు కొన్ని సంగతులు తెలుసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తులు, కుటుంబాలు సొంతంగా తీసుకునే ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు. అంతకుముందు 18 శాతం ఉండేది. ఫారం నింపేటప్పుడు బీపీ, షుగరు ఉంటే తప్పకుండా రాయండి. ఏజెంటు "అదేం అక్కర్లేదు" అన్నా రాయండి. నా దగ్గరికి వచ్చే ఒక దుకాణదారు అలా రాయకుండా వదిలేశాడు. గుండె ఆపరేషన్ బిల్లు మొత్తం తనే కట్టుకున్నాడు. ముందు నుంచి ఉన్న జబ్బులకు కంపెనీ పెట్టే ఎదురుచూపు గడువు 2024 నుంచి గరిష్ఠంగా మూడేళ్లే. గది అద్దె పరిమితి కూడా చదవండి. రోజుకు మూడు వేల గది పరిమితి ఉండి ఆరు వేల గదిలో చేరితే, గది అద్దె ఒక్కటే కాదు, దానికి ముడిపెట్టి డాక్టరు ఫీజు, ఆపరేషన్ ఖర్చుల్లోనూ కోత పెట్టే పాలసీలున్నాయి.

ఇంట్లో డెబ్బై దాటిన పెద్దవాళ్లుంటే, ఆదాయంతో పని లేకుండా ఐదు లక్షల దాకా కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఉంది. ఆధార్ ఉంటే చాలు. మా ఓపీలో అడిగితే పదిమందిలో ఇద్దరికి కూడా దాని పేరు తెలియదు.

వేల్స్ ఊరి డాక్టరు

బ్రిటన్‌లో 1948 నుంచి వైద్యం అందరికీ ఉచితం. అక్కడ కార్డులు, ప్యాకేజీల గొడవ లేదు. అయినా వేల్స్‌లో గ్లిన్‌కొర్రుగ్ అనే బొగ్గు గనుల ఊళ్లో పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు 1971లో లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ అందుతుంది, మార్కెట్ చేతికి ఇచ్చినకొద్దీ ఆ తేడా పెరుగుతుంది అన్నది ఆయన వాదన సారాంశం. వైద్యులు ఇప్పటికీ దాన్ని ఒక సూత్రంగా చెప్పుకుంటారు.

ఆయన రాసిన దానికంటే చేసిన పని నాకు ఇష్టం. ఊళ్లో పెద్దవాళ్లందరికీ, జబ్బు ఉందన్నా లేదన్నా, బీపీ చూశాడు. రానివాళ్ల ఇంటికి కబురు పంపాడు. మందు మానేసినవాణ్ని వెతికి పట్టుకున్నాడు. పాతికేళ్లు అదే పని. పక్క ఊరితో పోల్చి చూస్తే ఆయన ఊళ్లో అకాల మరణాలు తక్కువగా ఉన్నాయని తేలింది. ఖరీదైన యంత్రమేదీ లేదు. ఒక బీపీ మిషను, ఒక రిజిస్టరు.

మన దగ్గర అంతకంటే ఎక్కువే ఉన్నాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాలలో 2024లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. మూడు జిల్లా కేంద్రాల్లో ఇంతమంది డాక్టర్లు ఎప్పుడూ లేరు. తెలంగాణ డయాగ్నస్టిక్స్ జిల్లాల్లో 2021లో 57 ఉచిత పరీక్షలతో మొదలై 134కు చేరింది. క్రియాటినిన్ పరీక్షకు రూపాయి కట్టక్కర్లేదు. అయితే బోర్డు మీద పేరున్న ప్రతి విభాగంలో రోజూ డాక్టరు కనిపిస్తాడని నేను ప్రమాణం చేయలేను. మాలో చాలామందికి కాపురం హైదరాబాద్‌లో, డ్యూటీ ఇక్కడ. నేనూ కొన్నేళ్లు అలా తిరిగినవాణ్నే. పిల్లల చదువులన్నాను, ఇంకేదో అన్నాను.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఆరోగ్యశ్రీ పరిమితిని పదిహేను లక్షలు చేయడం కంటే ముందు, బీపీ, షుగరు ఉన్న మనిషికి నెలనెలా మందు అందడాన్ని కూడా ఒక ప్యాకేజీగా లెక్కించాలి. ఏడాది పాటు ఒక ఊళ్లో ఎంతమందికి బీపీ అదుపులో ఉంచారన్న దాన్ని బట్టి ఆ ఉపకేంద్రానికి, ఆ ఏఎన్ఎంకి, ఆ ఆశాకు డబ్బివ్వాలి. స్టాకు అయిపోతే పైవాళ్లు జవాబు చెప్పాలి. గద్వాల, అలంపూర్ వాళ్ల కోసం కర్నూలు, రాయచూరు ఆసుపత్రులతో మన ట్రస్టు ఒప్పందం పెట్టుకోవాలి. ఇవన్నీ అయ్యేలోపు మీరు చేయగలిగింది ఒకటుంది. ముప్పై దాటితే ఈ నెలలోనే బీపీ చూపించుకోండి. గోలీ రాసిస్తే ఎన్ని రోజులకిచ్చారో లెక్కపెట్టుకుని, అయిపోవడానికి మూడు రోజుల ముందే మళ్లీ అడగండి. లేదంటే, లేదని చీటీ మీద రాసిమ్మనండి. అడిగేవాళ్లు పెరిగితే ఇండెంటు పెరుగుతుంది. ఇది నేను లోపలి నుంచి చెబుతున్న మాట.

ఆ గట్టు రైతు ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వస్తున్నాడు. ఈ ఏడు విత్తన పత్తి వేయలేదు, పొలం కౌలుకిచ్చాడు. పోయిన వారం అతను మంచం మీద ఉండగా భార్య బయట బెంచీ మీద కూర్చుని ఉంటే, పిలిచి బీపీ చూశాను. 170/100. ఆమె వయసు ముప్పై ఎనిమిది.

"నాకేం నొప్పి లేదు సార్" అంది.

"ఆయనకూ లేకుండె గద" అన్నాను.

నెల రోజులకు గోలీలు రాసిచ్చాను. ఫార్మసీ నుంచి ఆమె మళ్లీ నా గదికే వచ్చింది. చేతిలో పదిహేను గోలీలే ఉన్నాయి. మిగతావి వచ్చే వారం వస్తాయన్నారట.